గొలుసు వేసేనాడు చేను కాడ ఉండాలె

(శామీర్‌పేట మండలంలోని ఒక దళితవాడలో, రోడ్డు వెడల్పుకూ మంచినీళ్ల పైపుకూ సర్వే జరగబోయే ముందు పెట్టుకున్న సమావేశంలో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం పాఠం. మాట్లాడిన తీరును చాలావరకు అట్లనే ఉంచాం. – సం.)



మైకు వద్దన్న. పొద్దంతా బళ్లె అరిచే గొంతే, ఈ వాడకు సాలుతది. ముందుగాల ఒక సంగతి. నేను వకీలును గాను, లెక్కల టీచర్‌ను. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని. చట్టం గురించి చదివి, అడిగి, ఆఫీసుల చుట్టు తిరిగి తెలుసుకున్నంత మటుకే చెప్త. కోర్టుకు పోయే పని పడితే వకీలును పట్టుకోవాలె, అది నాతోని కాదు.

ఇయ్యాల పొద్దుగాల మన పోరగాళ్లు నక్షా జిరాక్సు తెచ్చిన్రు. దాని మీద ఎర్రపెన్నుతోని ఒక గీత. ఆ గీత ఎవరెవరి చెలకల మీదికెల్లి పోతుందో మీరే వేలు పెట్టి చూపించిన్రు. పదకొండు చెలకలు. అందులో తొమ్మిది లావణి పట్టాలు. రెండే పట్టా భూములు, ఆ రెండు కూడా మనోళ్లయే. గీతకు అవతలి పక్క కాంపౌండు వాల్ ఉన్న ఫామ్‌హౌసు కాడికి వచ్చేసరికి గీత వంకర తిరిగింది. లెక్కల టీచర్‌ను గదా, రెండు చుక్కల నడుమ దగ్గరి దారి తిన్నటి గీత అని పిల్లలకు చెప్తుంట. ఈ గీత ఎందుకు వంకర పోయిందో నా లెక్కకు అందలేదు. మీకు అర్థమైనట్టుంది, నవ్వుతున్నరు.

మన మేడ్చల్, శామీర్‌పేట నేలకు గీతలు కొత్తగాదు. నూటాఇరవై ఏండ్ల కింద నిజాం కాలంల గోదావరి లోయ రైలు పట్టాలు మేడ్చల్ మీదికెల్లే పోయినయి. నాగపూర్ రోడ్డు, ఒకప్పుడు 7వ నంబరు, ఇప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి, మేడ్చల్ మీదికెల్లి. కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి శామీర్‌పేట మీదికెల్లి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఈ రెండింటినీ అడ్డం కోసుకుంట పోయింది. ఎల్లంపల్లి నుంచి పట్నానికి గోదావరి నీళ్లు తెచ్చే పైపు ఘనపూర్ రిజర్వాయరుకు వస్తది. మూడు మీటర్ల అడ్డం పైపు, అందులో మనిషి నిలబడి నడువొచ్చు. పట్నం చెత్త జవహర్‌నగర్‌కు వస్తది. తుర్కపల్లి దిక్కు జీనోమ్ వ్యాలీ. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట ఔటర్ దాకా 18 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చిల శంకుస్థాపన చేసిన్రు.

రోడ్డు వద్దు, నీళ్లు వద్దు అని నేనంటలేను. ఈ వాడ ఆడోళ్లు బిందెలు పట్టుకొని బోరింగు కాడ కొట్లాడుకునుడు నాకెరుకే. నేను బడికి పోయేది కూడా ఆ రోడ్డు మీదనే. నేనడిగేది ఒక్కటే. ఊరందరి సౌలతుకు భూమి కావాలంటే, ఆ భూమి ఎప్పటికీ మనదే ఎందుకు అవుతున్నది?

జవాబు కాగితంలనే ఉన్నది. పట్టాదారు చేను మీదికి గీత గీస్తే నోటిఫికేషన్ ఇయ్యాలె, అభ్యంతరాలు వినాలె, అవార్డు రాయాలె, పైసలు కట్టాలె, కోర్టుకు జవాబు చెప్పాలె. లావణి మీదికి గీస్తే ‘సర్కారు ఇచ్చింది, సర్కారు తీసుకుంటది’ అన్న ఒక్క మాటతోని పని అయిపోతదని వాళ్ల ధైర్యం. ప్లాను గీసేటోనికి మన చెలక చౌక. కులం పేరు నక్షా మీద ఎక్కడా రాసి ఉండదు. కానీ సర్వే నంబరు ఎదురుంగ ‘సర్కారీ’, ‘లావణి’, ‘శిఖం’ అని రాసి ఉన్నకాడల్లా మాదిగ, మాల, లంబాడ, వడ్డెర ఇండ్లే ఉంటయి.

సర్కారు ఇచ్చిందంటున్నరు గదా. ఆ ఇచ్చుడు ఎట్లాంటిదో పెద్దమనుషులు చెప్పాలె. రాళ్లు, తుప్పలు, నీళ్లు నిలువని గుట్టబోరు. మా నాయనమ్మ తట్టల రాళ్లు మోసి గెట్టు పేర్చింది. గెట్టుకు మోసిన రాళ్లే ఆ పట్టాకు కట్టిన ధర. ఇగ సేత్‌సింధి, నీరటి ఇనాములంటరా, అవి తరతరాలు ఊరికి చేసిన చాకిరికి ఇచ్చిన కూలి. 1928లో బొంబాయి కౌన్సిల్‌లో అంబేద్కర్ మహర్ వతన్ల మీద బిల్లు పెట్టింది ఈ సంగతి మీదనే. ఊరంతటికీ చాకిరి చేయించుకొని ఇంత చెలక చూపెట్టి బాంచెగిరిల ఉంచుడు ఏం న్యాయమని అడిగిండు. మన దిక్కు 1955 ఇనాముల రద్దు చట్టం కింద ఓఆర్‌సీ సర్టిఫికెట్టు రావాలె. ఎంతమందికి వచ్చింది? చేతులెత్తుండ్రి. ముగ్గురు.

ఇప్పుడు మా నాయన సంగతి చెప్త. మీకు చెప్పాల్నంటే ముందు ఇదే చెప్పాలె.

మాకు రెండెకరాల పది గుంటల లావణి ఉండె. జొన్న, కంది వేసేటోళ్లం. రెండు యాప చెట్లు, ఒక సింత చెట్టు, సగం తవ్వి ఆపిన బావి. 1997ల, నేను ఇంటర్ చదువుతున్నప్పుడు, ఒక సర్కారు పనికి ఆ చెలక కావాలన్నరు. ఏ ఆఫీసు, ఏ పని అన్నది ఇక్కడ వద్దు. ఒకనాడు పొద్దున వచ్చి ఎర్ర రంగు పూసిన రాళ్లు పాతి పోయిన్రు. ఆనాడు నాయన కూలికి పోయిండు, అమ్మ నాటుకు పోయింది. చేను కాడ ఎవ్వరం లేం. వారం తర్వాత పెద్దమనిషి ఇంటి అరుగు మీదికి పిలిచిన్రు. నాయన రాత్రి బళ్లె సంతకం నేర్చుకున్నడు. వేలిముద్ర పెట్టనని, సంతకం పెడతనని ఆయనకు మస్తు గర్వం. ఆ కాగితం మీద కూడా సంతకమే పెట్టిండు. నీలి సిరాతోని, వంకర లేకుంట.

నేను డిగ్రీ అయినంక, టీచరు ఉద్యోగం రాకముందు, ఆ పంచనామా నకలు తీసిన. అర పేజీ. అందులో ఏమున్నదంటే: ‘సదరు భూమి పడావుగా ఉన్నది. బావి గానీ, చెట్లు గానీ, పైరు గానీ లేవు. అసైనీ స్వచ్ఛందంగా ప్రభుత్వానికి అప్పగించినాడు.’ కింద ఐదుగురు పంచుల సంతకాలు, ఆరోది నాయనది.

పడావు. జొన్న కొయ్యకాళ్లు ఇంకా నేల మీదనే ఉన్నయి. ఆ ఒక్క మాటతోని యాప చెట్లు పోయినయి, సింత చెట్టు పోయింది, బావి పోయింది, మా నాయనమ్మ గెట్టు పోయింది. ఎక్స్‌గ్రేషియా అని పేరు పెట్టి ఇంత చేతిల పెట్టిన్రు. ఎక్స్‌గ్రేషియా అంటే దయతోని ఇచ్చేది. నష్టపరిహారమంటే హక్కుతోని అడిగేది. ఈ తేడా నాయనకు చెప్పెటందుకు అప్పుడు మా ఇంట్ల చదువుకున్నోళ్లు లేరు. చెప్పే నాటికి ఆయన లేడు.

అందుకే నా మాటంతా అవార్డు గురించి కాదు, చెక్కు గురించి కాదు. ఎల్లుండి పొద్దున గొలుసు వేస్తరు గదా, ఆ పొద్దు గురించి. మనోళ్లు కోర్టుకు పోయినంక కొట్లాడుతరు. కోర్టు ముందర పెట్టే కాగితం గొలుసు వేసిన నాడే తయారైపోతది.

చట్టం ఎక్కడిదాకా వచ్చిందో రెండు ముక్కలు. ఒకప్పుడు 1894 నాటి బ్రిటిషోళ్ల భూసేకరణ చట్టం ఉండె. దాని కింద లావణి భూమికి పరిహారం ఇయ్యాల్నా వద్దా అన్నది చాన్నాళ్లు నలిగింది. పట్టా కాగితం వెనక ఒక షరతు ఉంటది, ప్రజావసరానికి పరిహారం లేకుంట వాపసు తీసుకోవచ్చని. దాన్ని చూపించి వట్టి చేతులతోని పంపించేటోళ్లు. 2004ల హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. చేవెళ్ల డివిజన్ భూసేకరణ అధికారి కేసు, అంటే అప్పటి మన రంగారెడ్డి జిల్లా కేసే. వకీళ్లు మేకల పాండు తీర్పు అంటరు, ఆ పేరు గుర్తు పెట్టుకోండ్రి. అసైన్డ్ భూమిని ప్రజావసరానికి తీసుకుంటే పట్టాదారునికి ఇచ్చినట్టే పరిహారం ఇయ్యాలె, దాని మీద సొలేషియం కూడా ఇయ్యాలె, ఆ షరతు చూపించి ఎగ్గొట్టరాదు అన్నది ఆ తీర్పు. ‘సర్కారుదే గదా’ అని ఎవరన్నా అంటే, కోపం చేయొద్దు, లొల్లి పెట్టొద్దు, ఈ తీర్పు పేరు చెప్పి ‘మీరు అన్న మాట కాగితం మీద రాసియ్యుండ్రి సార్’ అనాలె. రాసియ్యరు.

2013ల కొత్త చట్టం వచ్చింది, 2014 జనవరి 1 నుంచి అమలు. అందులో భూయజమాని అంటే ఎవరో రాసినకాడ, అసైన్డ్ భూములతో సహా పట్టా హక్కు పొందాల్సినోళ్లను కూడా చేర్చిన్రు. పాత చట్టంల సొలేషియం నూటికి ముప్పై, కొత్తదాంట్ల నూటికి నూరు. చెట్లకు, బావికి, ఇంటికి, నిలబడ్డ పైరుకు వేరే లెక్క. భూమి లేకున్నా ఆ భూమి మీద మూడేండ్లుగా బతుకుతున్న కౌలుదారు, కూలి కుటుంబం కూడా బాధిత కుటుంబమే. ఇది మన వాడల చాలామందికి తెల్వదు. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన అరవై రోజులల్ల అభ్యంతరం రాసియ్యొచ్చు.

అయితే ఇక్కడ రాష్ట్రం ఏం చేసిందో కూడా చెప్పాలె. 2015 జూలైల జీవో 123 తెచ్చి చట్టం పక్కనుంచి భూములు కొన్నది. 2016 ఆగస్టుల హైకోర్టుల సింగిల్ జడ్జి దాన్ని కొట్టేసిండు. తర్వాత 2017ల చట్టానికే సవరణ తెచ్చుకున్నరు. రోడ్లు, ప్రాజెక్టుల్లాంటి వాటికి సామాజిక ప్రభావ అంచనా లేకుంట పోవచ్చు, రైతుతోని మాట్లాడి ఒప్పందం చేసుకొని తీసుకోవచ్చు అని. మన దిక్కు ఇప్పుడు ఎక్కువ నడిచేది ఈ ఒప్పందమే. చాయ తాపి, కుర్చీ వేసి, అన్నా అని పిలిచి సంతకం పెట్టించుకుంటరు. ఒప్పందం మీద సంతకం పెట్టినంక తక్కువిచ్చిన్రని తిరగబడే దారి మూసుకపోయినట్టే. సంతకం పెట్టొద్దని చెప్తలేను. ఇంటికి తెచ్చి, చదివించుకొని, రేటు, గుంటలు, చెట్లు, బావి అన్నీ రాసి ఉన్నయో లేదో చూసి పెట్టమంటున్న.

అవార్డు వస్తే పైసలు వదులుకోవద్దు. కానీ రశీదు మీద ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని రాసి సంతకం పెట్టాలె. ఈ రెండు మాటలు రాయకుంట తీసుకుంటే పరిహారం పెంచమని అడిగే హక్కు పోతది. చట్టమే ఆ మాట చెప్తున్నది. అవార్డు ఇచ్చేటప్పుడు మీరు అక్కడ ఉంటే ఆరు వారాలల్ల దరఖాస్తు పెట్టాలె. లేకపోతే నోటీసు అందిన ఆరు వారాలు, లేదా అవార్డు నుంచి ఆరు నెలలు, ఏది ముందైతే అది.

ఇంకొక సంగతి. 2018 నుంచి మన చుట్టూ ఊర్లు ఒక్కొక్కటి మున్సిపాలిటీలల్ల కలుస్తున్నయి. సీసీ రోడ్డు వస్తదని మనం చప్పట్లు కొట్టినం. పరిహారం లెక్కల గ్రామమైతే మార్కెట్ రేటును పట్నానికి దూరాన్ని బట్టి ఒకటి నుంచి రెండింతల దాకా హెచ్చించాలె. పట్టణమైతే ఒకటే, అంటే ఏం పెరగదు. ఊరి బోర్డు మారితే మన చెలక లెక్క కూడా మారుతదని ఆనాడు ఎవరూ చెప్పలే.

ఇగ పైపు సంగతి. ఇది రోడ్డుకంటే మోసం. రోడ్డుకు భూమి పోతే పోయిందని తెలుస్తది. పైపుకు, కరెంటు తీగకు, మురికి కాలువకు భూమి మన పేరు మీదనే ఉంటది, పాసుబుక్కు మన దగ్గరనే ఉంటది. వాళ్లు తీసుకునేది వాడుకునే హక్కు. ఆ హక్కు పోయిన పట్టీ మీద ఇల్లు కట్టరాదు, బావి తవ్వరాదు, చెట్టు పెట్టరాదు. పెట్రోలు, గ్యాసు పైపులకు 1962 నాటి కేంద్ర చట్టం ఉన్నది. దాని కింద వాడుక హక్కుకు భూమి విలువల నూటికి పది, నష్టపోయిన పైరుకు వేరే. వాటర్ గ్రిడ్ కోసం రాష్ట్రం 2015ల పైపుల వాడుక హక్కుకు వేరే చట్టం చేసుకున్నది. కరెంటు టవర్లకైతే కేంద్ర విద్యుత్ శాఖ 2024 జూన్‌ల మార్గదర్శకాలిచ్చింది: టవరు కాళ్ల కింది జాగకు భూమి విలువకు రెండింతలు, తీగల కింది పట్టీకి నూటికి ముప్పై. పంచాయతీ వేసే చిన్న పైపుకైతే ఎవరూ ఏమీ ఇయ్యరు. ‘ఊరి మంచికే గదా’ అంటరు. ఊరి మంచి ఎప్పుడూ మన చెలకల నుంచే మొదలైతది.

ఇక్కడ నా లెక్క పనికొస్తది, సూడుండ్రి. నలుచదరం ఎకరం అనుకోండ్రి. ఒక్కో పక్క అరవై మూడు మీటర్ల పైచిలుకు. ఇరవై మీటర్ల వెడల్పు పట్టీ గెట్టు వెంట పోతే పన్నెండున్నర గుంటలు పోతయి, ఇరవై ఏడున్నర గుంటలు ఒక్క చెక్కగ మిగులుతయి. నాగలి తిరుగుతది, బోరు వేసుకోవచ్చు. అదే పట్టీ మూలకు మూల పోతే పదహారు గుంటలు పోతయి, మిగిలింది రెండు ముక్కోణాలు, ఒక్కొక్కటి పన్నెండు గుంటలు. ముక్కోణంల ట్రాక్టరు తిరగదు, కొనేటోడు కూడా రాడు. కాగితం మీద పోయింది మూడున్నర గుంటలే ఎక్కువ. నిజంగ పోయింది ఎకరమే. అందుకే సర్వేయరును అడగాల్సిన మొదటి మాట పైసల గురించి కాదు. ‘సార్, గెట్టు వెంట పోనియ్యుండ్రి’ అనాలె. అది కాగితం మీద అభ్యంతరంగ ఇయ్యాలె. గొలుసు వేసేనాడు పెన్సిలుతోని గీసింది మార్చొచ్చు. టెండరు అయినంక ఎవడూ మార్చడు.

వాడల రోడ్డు వెడల్పు సంగతి తొందరగ చెప్త, పొద్దుపోయింది. ఆబాదిల మన ఇండ్లకు కాగితాలు లేవు, ఇంటిపన్ను రశీదు, కరెంటు బిల్లే ఆధారం. అవి భద్రం చేయుండ్రి. మున్సిపాలిటీ పైసలకు బదులు టీడీఆర్ బాండ్లిస్తమంటది. అవి బిల్డరుకు అమ్ముకుంటేనే పైసలు. అరవై గజాల ఇల్లు ముందర అర్ర పోతే బాండు పట్టుకొని ఏ బిల్డరు గడప తొక్కుతం?

మనం కూడా అడగాల్సిన దారి ఒకటున్నది. మన చెలకలకు, బొందలగడ్డకు పోయే బండ్ల బాట. ఫామ్‌హౌసులు, వెంచర్లు గోడలు కట్టినంక అది ఎక్కడున్నదో పిల్లలకు తెల్వదు. పోయినేడు ఒక పీనుగను చుట్టూ తిప్పి, రోడ్డు మీదికెల్లి మోసుకపోయినం. పాత గ్రామ నక్షాల ఆ బాట చుక్కల గీతగ ఉన్నది, నేను చూసిన. ఊరికి దారి కావాలని మన భూమి అడిగినప్పుడు, మన దారి మనకు తెరవమని అదే కాగితం మీద, అదే రోజు అడగాలె.

ఇప్పుడు మనల మన మాట. కోపం రావొద్దు. రెండు వారాల నుంచి ఒకాయన ఇండ్ల చుట్టూ తిరుగుతున్నడట, లావణి పట్టాలు జమ చేస్తున్నడట, అడ్వాన్సు ఇస్తున్నడట. మన కులపాయనే. 1977 చట్టం, అదే 9/77, అసైన్డ్ భూమి అమ్మకం చెల్లదంటది. చెల్లని భూమిని ఆయన ఎందుకు కొంటడు? పరిహారం చెక్కు కోసం. ఒరిజినల్ పట్టా ఎవని చేతికీ ఇయ్యొద్దు, నాక్కూడా. జిరాక్సు ఇయ్యుండ్రి. ఇంకో మాట, మీ పట్టా మీద తేదీ చూడుండ్రి. అమ్మరాదన్న షరతు 1958 జూలైల వచ్చిన జీవో 1406 తర్వాత పట్టాలకు గట్టిగ ఉన్నది. అంతకుముందువాటిల చాలావాటికి అది లేదు. తాత పేరు మీదనే ఉండి విరాసత్ కానివి ఎన్ని ఉన్నయో రేపు లెక్క తీయాలె. ఈ లోపల ధరణి వచ్చి అనుభవదారు కాలమ్ లేకుంట చేసింది, 2025ల దాని జాగల భూభారతి వచ్చింది. పేరు ఎక్కనోళ్లు పాత పహాణీ నకళ్లు, 1954–55 ఖాస్రా నకలు ఉంటే వెతకుండ్రి. సందూకల అడుగుకు ఉంటయి, పెండ్లి చీరె కింద.

ఆడోళ్లకు ఒకటి. చేను చేసేది మీరు. పంచనామాల ‘సాగులో ఉన్నవారు’ అన్నకాడ మొగని పేరుతో పాటు మీ పేరు కూడా రాయమని అడుగుండ్రి. రాయకపోతే ఎందుకు రాయరో అడుగుండ్రి. చెక్కు వచ్చినంక కల్లు కాంపౌండు కాడ లెక్క అడిగేకంటే ఇది నయం.

రేపు పొద్దుమూకి ఆరింటికి బడి వరండల కూసుందాం. ఎవరి సర్వే నంబరు, ఎన్ని గుంటలు, ఎన్ని చెట్లు, బావి ఉన్నదా, బోరు ఉన్నదా, ఏం పంట ఉన్నది, అన్నీ రాద్దాం. తొమ్మిదో తరగతి పిల్లలు రాస్తమన్నరు, వాళ్ల దస్తూరి నాకంటే మంచిగుంటది. పోరగాళ్లు ఫోన్లతోని చెట్టు చెట్టుకు, పైరుకు ఫొటో తీయాలె. ఫొటోల ఆ చెలక మనిషి నిలబడి ఉండాలె. అభ్యంతరం కాగితాలు రెండు కాపీలు. ఒకటి వాళ్లకు, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకొని మనకు. పంచనామా చదివి వినిపించందే ఎవ్వరూ సంతకం పెట్టొద్దు. ‘పడావు’ అన్న మాట కనబడితే నన్ను పిలువుండ్రి.

ఎల్లుండి పొద్దున ఆరింటికే నేను కుంట కట్ట మీద ఉంట. బడికి సెలవు పెట్టిన. కూలికి పోయేటోళ్లు ఆ ఒక్క రోజు ఇంటికొకరన్నా ఆగుండ్రి. ఎనిమిదింటికి వస్తమన్నరు, కానీ మా నాయన చెలకకు వచ్చిననాడు వాళ్లు చెప్పిన టైముకు రాలే, ముందే వచ్చిపోయిన్రు.